బోసి వాకిళ్ళ పటం

నీలిమారి వాతపడి ఎందరు పోయారని మకరగిరి కొలువులో దినదినమూ అడుగుతూనే ఉన్నారు. ఎక్కడ పోయారని ఒక్కరైనా అడిగారా?

అడగలేదు. సింహాసనం మీది జయకేతు మహారాజు అడగలేదు. మీసాలకు సంపెంగనూనె రాసుకునే మంత్రులు అడగలేదు. తాళపత్రాల ముఖమే తప్ప రోగి ముఖం చూడని ఆస్థాన వైద్యులు అడగలేదు. ఎందరన్నది కూర్చున్న చోటనే కన్నీరు తుడుచుకోవడానికి పనికివచ్చే ప్రశ్న. ఎక్కడన్నది లేచి నడవవలసిన ప్రశ్న. కొలువుకు ఎప్పుడూ మొదటిదే సుఖం.

ఆ రెండో ప్రశ్న వేయడానికి నగరంలో ఒకే ఒక్క ప్రాణి మిగిలింది. అయితే నగరం లెక్కలో ఆమె ప్రాణి కాదు, దెయ్యం.

ఆమె పేరు తరళ. జయకేతు మహారాజు కూతురు. నీలిమారి సోకినవారికి గోళ్ళు నేరేడుపండు రంగు తిరిగి, ఒళ్ళు చల్లబడి, పొద్దు వాలేలోగా ఊపిరి ఆగిపోయేది. తరళకు గోళ్ళు నీలమయ్యాయి, ఒళ్ళు చల్లబడింది, ఊపిరి మాత్రం ఆగలేదు. పాడె మీద లేచి కూర్చుంది. చేతులు చాచి పరుగెత్తబోయిన తండ్రిని రాజగురువైన మాంత్రికుడు ధూమకర్ణుడు పట్టి ఆపాడు. "లేచింది నీ బిడ్డ కాదు ప్రభూ! నీ బిడ్డను తిన్న మారి ఆ చర్మం తొడుక్కుని లేచింది. పలకరించినవాడు పోతాడు" అన్నాడు. రాజు ముఖం తిప్పుకున్నాడు. బతికి ఉన్న కూతురికి కర్మకాండ చేయించాడు. అప్పటి నుంచి మకరగిరిలో తరళ నడిచిన వీధి ఖాళీ అయ్యేది, నిలిచిన గడప మూతపడేది. చివరికి కోట పడమటి మూలనున్న పావురాల బురుజులో తల దాచుకుంది.

మకరగిరి శోభ చూడవలసింది సూర్యోదయవేళ, ఆ బురుజు మీద నుంచే. కొండవాలున మెట్టుమెట్టుగా దిగిన వీధులు. వీధి మొగలో నల్లరాతి మొసలి. దాని నోటి నుంచి వెండితీగవంటి నీటిధార. పూర్వరాజులు కొండ కడుపు తొలిచి, కంటికి కనబడని సొరంగాల గుండా నీటిని నడిపించి, ఆ మొసళ్ళ నోళ్ళలో వదిలారు. ఏ సొరంగం ఎక్కడ పుట్టి ఏ మొసలి నోట తేలుతుందో తవ్వించినవారికి తెలుసు, తాగేవారు తెలుసుకోలేదు. ఆ ధారల చప్పుడుతో నగరం మేలుకునేది. ఆడవాళ్ళు వాకిళ్ళలో కళ్ళాపి చల్లి ముత్యపుచిప్పల పొడితో ముగ్గులు పెట్టేవారు. వెలుగు పరుచుకునేసరికి కొండ యావత్తూ మల్లెల చీర కట్టినట్టు మెరిసేది.

ఇప్పుడా చీరకు చిరుగులు పడ్డాయి. చావు పడిన ఇంట నెల నిండేదాకా ముగ్గు పడదు. అది ఆ రాజ్యపు ఆచారం. నోరు మెదపకుండానే ప్రతి ఇల్లూ తన కబురు ఆకాశానికి చెప్పుకుంటోంది. ఆకాశం వైపు నుంచి చూసేవారే లేరు.

తరళ చూసింది. చేసే పని లేక, మాట్లాడే మనిషి లేక, మొదట ఊరికే చూసింది. తరువాత బురుజు నేల మీద బొగ్గుతో నగరాన్ని గీసింది. వీధికొక గీత, మొసలికొక సున్న. బోసిపోయిన ప్రతి వాకిలి మీద ఒక పెంకుముక్క. పావురాలు ఆ నగరం మీదుగా కువకువలాడుతూ తిరిగేవి. ఆమె రాజ్యంలో అవే ప్రజలు.

ఆ ఉదయం పావురాల కాపరి చెంచన్న ఆకుదొన్నెలో అంబలి తెచ్చి, ఎప్పటిలాగే దూరంగా పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. నగరంలో ఆమెను పలకరించేవాడు ఈ ముసలివాడొక్కడే. బతికి ఉన్నదని నమ్మి కాదు, దెయ్యమని నమ్మి.

"తాగమ్మా. దెయ్యానివైనా రాజుగారి బిడ్డవి. ఆకలి మీవాళ్ళకే ఎక్కువంట గదా."

"చెంచన్నా, నేను చావలేదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"అందరూ అట్టాగే అంటారు తల్లీ. మా పెదనాయన పోయినాక కూడా అటక మీద నుంచి అదే మాట అనేవోడు. మేం కాదనలా. పెద్దోడు, నొచ్చుకుంటాడని."

తరళకు నవ్వు రాలేదు. దొన్నె అందుకుంది.

"ఇయ్యాల మాత్రం కిందికి పోమాకమ్మా" అన్నాడు చెంచన్న. "పొద్దుగుంకే యాళకి కుమ్మరివీధికి నిప్పెడతన్నారు. మనుషుల్ని ఇళ్ళల్లోనే ఉంచి, వీధి రెండు మొగల్లో కంపకొట్టి కావలి పెట్టారు. రాజుగారే శంఖం ఊదించి, కుంటిమొసలి కాడ కలశం నింపి శాంతి చేస్తారంట, ఆనక అగ్గంట."

దొన్నె ఆమె చేతిలోంచి జారింది. కుమ్మరివీధిలో ఓబులమ్మ ఉంది. తల్లి లేని తరళను పాలిచ్చి పెంచిన దాది.

"వాళ్ళేం చేశారు?"

"చావలేదు గదమ్మా! చుట్టుపక్కల ఈధులన్నీ వల్లకాడైనా ఆళ్ళింట ఒక్క పీనుగు లేవలేదు. మారిని పెంచి ఊరి మీదికి తోలకపోతే ఆళ్ళకట్టా ఎందుకు జరుగుద్దని గురువుగారు తేల్చేశారు."

బతికినందుకు శిక్ష. ఈ న్యాయం తరళకు కొత్త కాదు. ఆమె బొగ్గు నగరం దగ్గర మోకరిల్లింది. ఇన్నాళ్ళూ చావులెక్కడని వెతికింది. ఈసారి చావులెక్కడ లేవని చూసింది. పెంకుముక్కలన్నీ ఒక మొసలి చుట్టూ, చక్కెర చుట్టూ చీమల్లా ముసురుకుని ఉన్నాయి. అది ముందుకాలు విరిగిన కుంటిమొసలి. దంతపుపనివారి వీధి, గంధపువీధి, అద్దకపువారి వీధి, ఆ నోటి నీళ్ళు మోసుకుపోయే వీధులన్నీ పెంకులతో నిండాయి. ఆ మొసలిని ఆనుకునే ఉన్న కుమ్మరివీధి ఒక్కటే తెల్లగా మిగిలింది.

"చెంచన్నా, కుమ్మరులు ఏ నీళ్ళు తాగుతారు?"

"బంకమన్ను తవ్వుకునే చెలమల్లో నీళ్ళు. రాతినోటి నీళ్ళు కుమ్మరి ముట్టుకోడు. మొసళ్ళు చెక్కేనాడు శిల్పులు ఆళ్ళ తాతల్ని 'మట్టి పిసికేటోళ్ళు మీకేం తెలుసు' అన్నారంట. ఆ రోజు పెట్టుకున్న ఒట్టు."

అయితే మారి ఆ మొసలి నీళ్ళలోనే ఉంది. ఇక ఒక్కటే అడ్డం. అంతఃపురంలో, అందరికీ దూరంగా ఒంటరిగా పడి ఉన్న ఒక పెంకుముక్క. కోటకు నీరు సింహద్వారపు మొసలి నుంచి వస్తుంది. దాని చుట్టూ మరో చావు లేదు. ఆ ఒక్కటీ అక్కడెందుకుంది? దానికి సమాధానం లేకపోతే పటమంతా అబద్ధం.

"ఇక్కడ పోయిందెవరు, చెంచన్నా?"

ముసలివాడు జాలిగా చూశాడు. "నువ్వే గదమ్మా."

తరళ ఆ పెంకును చేతిలోకి తీసుకుంది. ఇన్ని వాకిళ్ళు చూసింది గాని తన వాకిలిని పోల్చుకోలేకపోయింది. జబ్బు పడడానికి ముందునాడు మారువేషంలో ఓబులమ్మ ఇంటికి వెళ్ళింది. ఎండలో గొంతెండి, వీధి మొగలోని కుంటిమొసలి ధార కింద దోసిలి పట్టింది. గడపలోంచి ఓబులమ్మ కేక వేసింది: "ఆ రాతినోట్లో నీళ్ళు తాగమాక తల్లీ! ఇంటికి రా, ముంతనీళ్ళిస్తా." అప్పటికే తాగేసింది.

ఆమె లేచి పడమటి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. కోటగోడకు ఆవల ఎండకు మాడిపోయిన కొండవాలు. ఆ గోధుమరంగు వాలు మీద ఒకేఒక పచ్చని గీత, సన్నని గడ్డిగీత, పైనుంచి సూటిగా కుంటిమొసలి వైపు దిగుతోంది. నేల కింద నీరు నడుస్తోందనడానికి అంతకంటె సాక్ష్యమేం కావాలి? ఆ గీత పైకొసన కొండకు నోరు తెరిచినట్టు నల్లని గుంత. పాతాళబిలం. మారికి ఎర అయినవారిని కాల్చరాదు, పూడ్చరాదు, ఆ బిలంలోనే విడవాలన్నది ధూమకర్ణుని శాసనం.

చచ్చినవారిని బతికినవారి నీళ్ళలోకి దించుతున్నారు. భక్తితో, మంత్రాలతో, మేళతాళాలతో.

తరళ బురుజు మెట్లు దూకుతూ దిగింది. కుంటిమొసలి దగ్గర బిందెలతో నిలబడిన ఆడవాళ్ళ ముందుకు వెళ్ళి అరిచింది. "ఈ నీళ్ళు తాగకండి! మారి కుమ్మరివీధిలో లేదు, ఈ నోట్లో ఉంది!"

బిందెలు దొర్లాయి. ఒక నడివయసు ఇల్లాలు మాత్రం కదలకుండా రాయి అందుకుంది. "నా ఇద్దరు బిడ్డల్ని మింగింది చాలక, నీళ్ళు కూడా మాన్పించి మమ్మల్ని ఎండగట్టి చంపుతావా?" రాయి తరళ కణత మీద తగిలింది. రెండోది భుజానికి. ఆ ఇల్లాలి వాకిట ముగ్గు లేదు. తరళ వెనుదిరిగింది. చెప్పి ప్రయోజనం లేదని అప్పుడే గ్రహించింది. దెయ్యం చెప్పేది ఎవరూ వినరు. వారే చూడాలి. తమ కళ్ళతో, తమ మొసలి నోట.

ఆమె బురుజుకు తిరిగివచ్చేసరికి కణత నుంచి నెత్తురు కారుతోంది. చెంచన్న కళ్ళు పెద్దవి చేశాడు.

"దెయ్యాలకి నెత్తురుంటదా?"

"ఉంటుంది. చెంచన్నా, రాచపావురాల కాళ్ళకు పూసే ఎర్రని లత్తుక ఎంత ఉంది నీ దగ్గర?"

"కుండెడు."

"అది ఇవ్వు. గింజల బస్తాలు చేదే తాడు కూడా."

"ఎగిరిపోయేదానికి తాడెందుకమ్మా?"

"నేను కొత్త దెయ్యాన్ని. ఎగరడం ఇంకా రాలేదు."

ఆ సమాధానం చెంచన్నకు సబబుగా తోచింది. తాడు భుజాన వేసుకుని వెంట నడిచాడు.

పడమటి ద్వారానికి దారి కుమ్మరివీధి వెనకగా పోతుంది. ఇళ్ళ గోడల వెంట కట్టెలు, పిడకలు, వాటి మీద నూనె తడిపిన గుడ్డలు. లోపలి నుంచి సారె తిరుగుతున్న చప్పుడు. చావు గుమ్మంలో కూర్చున్నా ఎవరో కుండ చేస్తున్నారు. తరళ అడుగుల సడికి ఆ చప్పుడు ఆగింది.

"తల్లీ, తరళమ్మా! నువ్వేనా?" ఓబులమ్మ గొంతు.

తరళ గోడకు చేయి ఆనించి నిలిచింది. పేరుపెట్టి పిలిపించుకుని ఎన్నాళ్ళయిందో.

"పలక్కపోతే పోనీలే. మడమ నేలకు కొట్టి నడవడం చిన్నప్పట్నుంచీ మాన్పించలేకపోయా. దెయ్యం అట్టా నడుస్తదా? నువ్వు బతికే ఉన్నావని వీళ్ళందరితోనూ అంటన్నా."

"ఓబులమ్మా! పొద్దుగూకేదాకా ఓపిక పట్టు."

"పట్టక యాడికి పోతానే? తలుపుకి గడె బయట ఉండె" అన్నది ఓబులమ్మ. సారె మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

ద్వారం దగ్గర నలుగురు భటులు ఈటెలు అడ్డం పెట్టారు. "ఎవరది? ముసుగు తీయ్!" తరళ ముసుగు తీయలేదు. రెండు చేతులూ చాచి, వేళ్ళు విప్పింది. నేరేడుగోళ్ళు ఎండలో మెరిశాయి. ఈటెలు నేల మీద పడ్డాయి. భటులు ఒకరినొకరు తోసుకుంటూ పారిపోయారు. ఇన్నాళ్ళూ తన ముందు ఇలా వీధులు ఖాళీ అవుతుంటే ఆమె కుమిలిపోయింది. ఈ ఒక్కసారి, ఖాళీ అయిన దారి గుండా పరుగెత్తింది.

పాతాళబిలం అంచున గాలి కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. తాడును బండకు కట్టి, కొస చెంచన్న చేతికిచ్చి, లత్తుక కుండను వీపుకు కట్టుకుని తరళ దిగింది. కింద చీకటి, చలి, ముక్కుపుటాలు మూసుకుపోయే వాసన. కళ్ళు అలవాటుపడ్డాక ఆమె చూసింది. ఏం చూసిందో వర్ణించి చదువరిని జడిపించడం నాకు ఇష్టం లేదు. గాజులు చూసింది. పసిపిల్లల మువ్వలు చూసింది. వాటి సందుల్లోంచి నీరు గలగలమంటూ పారుతోంది. కొప్పులో చిక్కుకున్న పావురం ఈకను తీసి వదిలింది. ఈక ఒక్కసారి గిర్రున తిరిగి, నగరం వైపున్న సొరంగంలోకి జారిపోయింది.

శంఖం కోసం వేచింది. బతికినవారిలో ఒక్కరూ తోడులేని చోట, తాను ఎవరి మధ్య ఉన్నదని నగరం నమ్మిందో వారి మధ్యనే కూర్చుని వేచింది. వారెవరూ ఆమెను చూసి ముఖం తిప్పుకోలేదు.

శంఖం మోగింది. తరళ కుండ వంచింది. లత్తుక నీటిలో ఎర్రని పామై మెలికలు తిరుగుతూ సొరంగంలోకి ప్రవేశించింది.

అప్పుడే పైన గుర్రపు డెక్కల చప్పుడు. వెనువెంటనే ధూమకర్ణుని గొంతు. పడమటి భటులు నేరుగా అతని దగ్గరికే పరుగెత్తి ఉంటారు.

"ముసలోడా! లోపల ఎవరు?"

"బతికినోళ్ళెవరూ లేరు సామీ" అన్నాడు చెంచన్న. అతడు జన్మలో అబద్ధమాడి ఎరుగడు.

"మరి ఆ తాడెందుకు పట్టుకున్నావు?"

"దెయ్యం పట్టుకోమంది. కాదంటే నొచ్చుకుంటాదని."

కత్తి మెరిసింది. తాడు చుట్టలు చుట్టలుగా వచ్చి తరళ పాదాల దగ్గర పడింది. బిలం నోట ధూమకర్ణుని ముఖం వంగింది, వెనక ఆకాశం నెత్తురులా ఎర్రబడి ఉంది.

"నా మనుషులు బురుజు నేల చూసివచ్చారు. బొగ్గుతో పటం గీశావట! సెబాసు రాజపుత్రీ. ఏ మొసలికి ఏ దారిన నీళ్ళు పోతాయో నాకు తెలియదనుకున్నావా? ఆ పటం నీకంటె ముందే గీశాను. గీసుకుని చూసుకునే ఈ గుంత ఎంచుకున్నాను."

"ఎందుకు?" తరళ పైకి అరిచింది.

"భయపడిన ఊరు దారి అడగదు. నా చేయి పట్టుకుని నడుస్తుంది" అన్నాడు ధూమకర్ణుడు. ముఖం తొలగింది. బండరాయి దొర్లుతున్న చప్పుడు, ఆ వెంటనే చెంచన్న కేక. వెలుగు నెలవంకంత అయి, గోరంత అయి, ఆరిపోయింది.

మిగిలింది ఒకే దారి. ఎర్రనీరు పోయిన దారి. తరళ సొరంగంలోకి దూకింది. మొదట మోకాలి లోతు, పిమ్మట నడుము, పిమ్మట గొంతు. పైకప్పు తలకు తగులుతోంది. రాళ్ళు మోచేతులను చీల్చుతున్నాయి. తన లత్తుకను తానే తరుముతున్నట్టు చీకట్లో కొట్టుకుపోయింది. ఎంతదూరం పోయిందో, పైన ఏ వీధి ఉందో బొగ్గుపటం గుర్తుతెచ్చుకుని లెక్కకట్టుకుంది: ఇది కోటగోడ, ఇది కుమ్మరివీధి వెనకదారి. రాతి గుండా జనఘోష వినవచ్చింది. అది ఎర్రనీరు చూసిన ఘోషా? నిప్పు అంటించిన ఘోషా? తెలియలేదు.

సొరంగం వంపు తిరిగింది. ఎదుట వెలుగు. ఆ వెలుగులో వరుసగా నల్లని కోరలు. ఆమె కుంటిమొసలి గొంతులో ఉంది. కోరల సందులోంచి ఒక బంగారు కలశం, దానిలోకి ధారకడుతున్న ఎర్రనీరు, కలశాన్ని పట్టుకున్న చేయి కనిపించాయి. ఆ చేతి ఉంగరం చిన్ననాడు తాను కొరికి ఆడుకున్నది.

అవతల ఎవరో అరుస్తున్నారు. "మారి నెత్తురు కక్కుతోంది ప్రభూ! ఆలస్యం చేయకండి, నిప్పు పెట్టించండి!"

చూశారు. చూసి, తమకు ముందే తెలిసినదే చూశారు. తరళ రాతికోరలను రెండు చేతులా పట్టుకుని, ఊపిరంతా కూడగట్టుకుని పిలిచింది.

"నాన్నా! అది నెత్తురు కాదు, లత్తుక! నేను పాతాళబిలంలో పోశాను! మీ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకోండి!"

కలశం ఒరిగింది. ఎర్రనీరు అంచుదాటి రాజు మణికట్టు మీదుగా కారింది. కోరల మధ్య నుంచి పొడుచుకువచ్చిన పది నీలిగోళ్ళ వైపు ఆయన కళ్ళు తిరిగాయి. వెనక దివిటీలు వరుసగా లేచాయి. పలకరించినవాడు పోతాడన్న మాటకు, పిలుస్తున్న బిడ్డకు నడుమ జయకేతు మహారాజు నోరు తెరిచాడు.

ఏ మాట వచ్చిందో నేనిప్పుడు చెప్పను. రాజును నిలదీసే తొందర నీకు ఉంటుంది చదువరీ, ఎవరికైనా ఉంటుంది. ముందు నీ సంగతి చూడు. ఈ పొద్దున నువ్వు తాగిన నీళ్ళు ఏ కొండ నుంచి బయలుదేరి, ఎవరి వాకిళ్ళ కిందుగా, దేనిని తాకుతూ నీ గడపకు చేరాయి? లే. నేల మీద నీ ఊరి పటం గీసి, ఆ దారి పొడుగునా వేలుపెట్టి నాకు చూపించు.